మాట మీద నడిచే కుక్క

మార్చి 9, ఆదివారం

మోకాలు వాచింది. పొద్దున్నించీ చెక్‌పాయింట్‌లో సూప్ పోస్తూ నిలబడ్డాను. మంచు మీద కుక్కలు బండి లాగే స్లెడ్ రేసు మా ఊరి మీదుగా వెళ్లేటప్పుడు వంట పని నాది. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

డెల్లా మధ్యాహ్నం వచ్చింది. నా తమ్ముడి కూతురు. మోకాలు పోయాక నా కుక్కల్నీ స్లెడ్‌నీ దానికే ఇచ్చేశాను. పొగరు కూడా ఇచ్చేశానని ఊళ్లో అంటారు. అది నిజం కాదు, నా దగ్గర ఇంకా చాలా ఉంది.

రేసు వెట్లు, అంటే కుక్కల డాక్టర్లు, డెల్లా జట్టులో ప్రతి కుక్కనీ పట్టి చూశారు. పాదాలు, కీళ్లు, చిగుళ్లు, గుండె. ఒకదానికి ముందుకాలి కీలు వేడిగా ఉందని అక్కడే ఆపేశారు. అదేమో నాకేం కాలేదు పదండి అన్నట్టు గెంతుతోంది. డెల్లా మొహం మాడిపోయింది. కుక్క మాట నమ్మకే, ఈ జాతి నొప్పి చెప్పదు, కాలు విరిగినా పరిగెడతాననే అంటుంది, అందుకేగా వెట్లని పెట్టింది అన్నాను. పక్కనున్న కుర్రవెట్ నా వైపు గౌరవంగా చూశాడు. ఇంకో గిన్నె సూప్ పోశాను.

ఇంటికొచ్చేసరికి నా దగ్గరే ఉంచుకున్న ముసలి కుక్క కెటిల్ గుమ్మంలో నిలబడి ఉంది. నా బూట్ల చప్పుడు వింటే చాలు దానికి.

మార్చి 12, బుధవారం

ఎల్వుడ్ వచ్చాడు. పక్కింటివాడు. దుప్పి మాంసం ఇచ్చి, తిరిగి వెళ్తూ వెళ్తూ డాక్ బ్రాంట్ క్లినిక్ వచ్చే నెల ఫైర్ హాల్లో ఉందని, కెటిల్ పేరు కూడా రాయించమనీ అన్నాడు. ఆవిడ వెట్, ఫెయిర్‌బ్యాంక్స్ టౌన్ నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఎల్వుడ్ ప్రతిసారీ తన పిల్లిని దిండు గలీబులో వేసుకుని మోసుకెళ్తాడు. ఆ పిల్లికి ఎప్పుడూ ఏమీ ఉండదు. మరి ఎందుకు తీసుకెళ్తావయ్యా అన్నాను. ఏమీ లేకుండా ఉండటానికే అన్నాడు. వాడు వెళ్లేదాకా కూడా ఆగలేదు, మొహం మీదే నవ్వాను.

కెటిల్‌కి పదకొండేళ్లు. ఆ ఈత పిల్లలన్నిటికీ వంటింటి సామాన్ల పేర్లు పెట్టాను. అందులో ఇదొక్కటే లీడర్ అయింది, ఏళ్ల తరబడి నా జట్టుకి ముందు పరిగెత్తింది. ఇప్పుడు సోఫా దానిది, పక్కన కుర్చీ నాది. పరిగెత్తే కుక్కకి వెట్ కావాలి. సోఫా కుక్కకి సోఫా చాలు. రోజూ దాని ఒళ్లంతా నేనే తడుముతాను. ఎన్ని కుక్కలు ఈ చేతుల్లోంచి వెళ్లాయో. నా చేతికి తెలియకుండా దానికి ఏమొస్తుంది?

మార్చి 16

కెటిల్ నీళ్ల గిన్నె మళ్లీ ఖాళీ. పొయ్యి వేడికి ఇంట్లో గాలి ఎండిపోతోంది.

మార్చి 22, శనివారం

నిన్న టౌన్‌కి వెళ్లి నా మెడికల్ చేయించుకొచ్చాను. స్కూల్ బస్సు నడిపేవాళ్లకి తప్పదు. బీపీ మాత్ర అదే, అదే మోతాదు. గోడ మీది అక్షరాలు కింద వరుస దాకా చదివాను. ఆ డాక్టరు కుర్రది, నా వయసు చూసి రెండుసార్లు చదివించింది. నాకు వెళ్లాలని ఉండి వెళ్లలేదు. సర్టిఫికెట్ లేకపోతే బస్సు తాళం ఇవ్వరు.

బస్సు కుడికి తిప్పేటప్పుడు నేను జీ అంటాను. ఎడమకైతే హా. ఇన్నేళ్లు కుక్కలకి చెప్పి చెప్పి అలవాటైన నోరు, బస్సుకి మాత్రం ఎందుకు ఊరుకుంటుంది. పిల్లలు వెనక నుంచి నాకంటే ముందే అరుస్తారు. ఇంట్లోనూ అంతే. కెటిల్ వంటింట్లోంచి వస్తుంటే హా అంటాను, తలుపు దగ్గర జీ, మెట్ల దగ్గర ఈజీ, అంటే నెమ్మది. ట్రక్కు ఎక్కేటప్పుడు అప్. అది ఒక్క అడుగు తప్పు వేయదు. సోఫా దాకా వెళ్లడానికి కూడా దానికి దారి చెప్పాలా అత్తా అని డెల్లా వెక్కిరిస్తుంది. లీడర్ లీడరేనే, నీ కుక్కల్లో ఒక్కటి ఇలా మాట వింటే చూపించు అన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

డెల్లాతో గొడవ. దాని స్నోమెషీన్, మంచు మీద నడిపే బండి, మా వాకిట్లో పెట్టింది, ఎప్పుడూ పెట్టని చోట. నేను గొంగళ్లు దులుపుతున్నాను. కెటిల్ వెళ్లి దానికి గుద్దుకుంది. కుక్క నడిచే దారిలో బండి పెట్టడానికి బుద్ధుందా అని కేకలేశాను. డెల్లా నాకంటే గట్టిగా అరవగలదు, కానీ అరవలేదు. పట్టపగలు, కొట్టొచ్చే పసుపు రంగు బండి, దుప్పంత ఉంది, అది చూడకుండా ఎలా గుద్దుకుంది అత్తా అంది.

ఏదో ఆలోచనలో ఉండి ఉంటుంది. వయసైంది. నేను నిన్న స్టోరులో అద్దం తలుపుకి కొట్టుకోలేదా.

డెల్లా కాసేపు కెటిల్‌నే చూసింది. ఉడత దాని ముందు నుంచే పోతోంది, కెటిల్ పట్టించుకోలేదు. బుద్ధి వచ్చింది దానికి, నీకే రాలేదు అన్నాను. డెల్లా నవ్వలేదు. రేబీస్ టీకా గడువు అయిపోయిందిగా, క్లినిక్‌లో దాని పేరు నేను రాయిస్తున్నాను అని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 5

సరే వెళ్తాను. టీకా వరకే.

ఏప్రిల్ 12, శనివారం

ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలీదు.

ఫైర్ హాల్లోంచి ఫైరింజన్ని బయటికి తీసి లోపల మడతబల్లలు వేశారు. ఎల్వుడ్ అందరికంటే ముందొచ్చాడు. గలీబులోంచి తిట్లు వినిపిస్తున్నాయి. నేను కెటిల్‌ని పట్టుకుని వరసలో నిలబడి, సోఫా కుక్కలతో వచ్చినవాళ్లందరి మీదా మనసులో జోకులు వేసుకున్నాను.

డాక్ బ్రాంట్ కెటిల్‌ని గుర్తుపట్టింది. ఆవిడ రేసుల్లో వెట్‌గా ఉన్న రోజుల్లో దీని పాదాలు చాలాసార్లు పట్టుకుంది. కెటిల్ కూడా ఆవిణ్ణి గుర్తుపట్టింది. గొంతు వినగానే వీపు సాగదీసి, తోక ఎత్తి, నాలుగు కాళ్లూ బిగించి నిలబడింది. చెక్‌పాయింట్‌లో నిలబడ్డట్టే. నాకు గుండె నిండిపోయింది. డాక్ కీళ్లు వంచింది, చిగుళ్లు నొక్కింది, గుండె విన్నది. ఇవన్నీ బాగున్నాయంది. చూశావా అన్నట్టు డెల్లా వైపు చూశాను. టీకా వేసేయండి, మేం పోతాం అన్నాను.

డాక్ వదల్లేదు. నీళ్లు ఎక్కువ తాగుతోందా అని అడిగింది. పొయ్యి వేడికి అన్నాను. కళ్లలో లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత ఒక దూది ఉండ తీసి దాని ముక్కు ముందు నుంచి వదిలింది. దూది నేల మీద పడింది. కెటిల్ కదల్లేదు. ఇది దూదితో ఆడుకునే రకం కాదన్నాను. డెల్లా నేల చూపులు చూస్తోంది.

అప్పుడు డాక్ కుర్చీలు తెచ్చి హాలు మధ్యలో అడ్డదిడ్డంగా పెట్టింది. కెటిల్‌ని ఈ చివర డెల్లా పట్టుకుంది. నన్ను ఆ చివరకి వెళ్లి పిలవమంది. పిలిచాను. కెటిల్ తిన్నగా వచ్చింది, కుర్చీ దగ్గర ఎడమకి తిరిగింది, ఇంకో కుర్చీ దగ్గర కుడికి తిరిగింది, ఒక్కదానికీ తగలకుండా వచ్చి నా మోకాలికి ఆనుకుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా ఉంది.

డాక్ నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అంది.

"వెర్నా, కుర్చీ వచ్చినప్పుడల్లా నువ్వు చెప్తున్నావు. ఈసారి ఒక్కసారి పిలిచి నోరు మూసుకో."

నేనేం చెప్పలేదన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. జీ అనీ హా అనీ నా నోట్లోంచి వచ్చిన సంగతి నాకే వినపడలేదు.

డాక్ కుర్చీలు జరిపింది. పిలిచి పెదాలు బిగబట్టాను. కెటిల్ తోక ఎత్తి, ఏ అనుమానం లేకుండా, వేగంగా వచ్చింది. కుర్చీ కాలికి మొహం కొట్టుకుంది. అరవలేదు. ఆగి, తల ఎత్తి, చెవులు నిక్కబెట్టి నిలబడింది. నా మాట కోసం ఎదురుచూస్తోంది.

నేనే కుర్చీలు తప్పించుకుంటూ దాని దగ్గరికి వెళ్లాను.

ఎడమ కన్ను పూర్తిగా పోయి చాలాకాలమై ఉంటుందట. కుడి కన్ను ఈమధ్యనే పోతోందట. కళ్లలో మొదలైన జబ్బు కాదు, వేరే ఎక్కడో ఉంది, సోమవారం టౌన్‌కి తీసుకురా, ఆలస్యం చేస్తే ఆ రెండోది కూడా దక్కదు అంది.

మేం బయటికి వస్తుంటే ఎల్వుడ్ గలీబు బల్ల మీద పెట్టేసి, కుర్చీలు పక్కకి లాగి మాకు దారి ఇచ్చాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇవాళ నా నోటిని నేను విన్నాను. పళ్లు తోముకుంటూ చెప్తున్నాను. ఉల్లిపాయ తరుగుతూ చెప్తున్నాను. మూసుకుందామని కూర్చుంటే కెటిల్ వంటింటి గడప దగ్గర అలాగే నిలబడిపోయింది, పాపం, మర్యాదగా, అడగకుండా. మళ్లీ హా అన్నాను. వచ్చింది.

దీనికి దారి చెప్తున్నానని నాకు తెలీదు. నా మాట లేకపోతే ఇది నడవలేదనీ తెలీదు. మేమిద్దరం కలిపి ఒక్క కుక్కలా ఎన్నాళ్లు బతికామో. ఈ జాతి నొప్పి చెప్పదు అని డెల్లాకి పాఠం చెప్పిన మనిషిని నేనే. అది రేసు కుక్కల సంగతి అనుకున్నాను. నా కుక్క నాతో అబద్ధం ఆడదు అనుకున్నాను. అది ఆడలేదు కూడా. నేను వినిపించిందే అది చేసి చూపించింది.

ఏప్రిల్ 14, సోమవారం

టౌన్. చంటిపిల్లల చేతికి చుట్టేంత పట్టీ దాని తోకకి చుట్టి బీపీ చూశారు. చూసిన అమ్మాయి నమ్మక మళ్లీ చూసింది. రక్తం, మూత్రం, స్కాన్ బొమ్మలు.

కిడ్నీలు. అవి మెల్లగా పాడవుతూ బీపీ పెరిగిందట. ఆ ఒత్తిడికి కంటి లోపలి పొర గోడ మీది కాగితంలా ఊడిపోయిందట. ఎడమది ఊడి ఎండిపోయింది, దాని మీద ఆశ లేదు. కుడిదింకా తాజాగా ఉంది. బీపీ వెంటనే దిగితే ఆ పొర మళ్లీ అతుక్కోవచ్చు. అతుక్కోకపోవచ్చు. ఇక్కడ ఏమీ వాచదు, నొప్పి ఉండదు, చేత్తో తడిమితే దొరకదు వెర్నా, మూత్రం చూస్తేనే తెలుస్తుంది, కళ్ల దాకా రాకముందే తెలుస్తుంది అంది డాక్.

అక్టోబర్లో తెచ్చి ఉంటే అని అడిగాను. డెల్లా నా చెయ్యి పట్టుకుంది, అడగొద్దని. డాక్ తప్పించుకోలేదు.

"అప్పుడే కనపడేది. కళ్లు నిలిచేవి, బహుశా."

బహుశా అన్న మాట నా కోసం కలిపింది.

అక్టోబర్లో ఆవిడ మా ఫైర్ హాల్‌కే వచ్చింది. నేనూ వెళ్లాను. కాఫీ పోయడానికి.

ఏప్రిల్ 18, శుక్రవారం

కెటిల్ బీపీ మాత్ర సీసా చదివాను. నేను మింగే మాత్రే. అదే పేరు, మోతాదే వేరు. డెల్లాకి చూపిస్తే, ఇద్దరూ ఒకే గిన్నెలో పెట్టుకుని మింగండి అత్తా, ఎవరి బీపీ దిగిందో డాక్టర్లే తేల్చుకుంటారు అంది. క్లినిక్ రోజు నుంచి నేను నవ్వడం ఇదే మొదటిసారి. సీసాలు మాత్రం వేర్వేరు అరల్లో పెట్టాను.

నా బీపీ ఏటా చూస్తారు. చూపించుకోకపోతే బస్సు ఇవ్వరు కాబట్టి. కెటిల్‌ని చూపించకపోతే తాళం ఇవ్వం అని బెదిరించడానికి దానికి బస్సు లేదు.

ఏప్రిల్ 22

ఎండు సాల్మన్ చేప బంద్, కిడ్నీలకి పడదట. కొత్త తిండి వాసన చూసి మొహం తిప్పుకుంది. నేను రుచి చూశాను. మొహం తిప్పుకోవడం న్యాయమే.

ఏప్రిల్ 26, శనివారం

స్టోరులో రే ఉన్నాడు. నాతో పాటు రేసులు పరిగెత్తినవాడు. పదకొండేళ్ల కుక్కకి ఇంత హంగామానా వెర్నా, దాని రోజులు అది బతికింది, కూర్చోబెట్టి ముసలిది కానివ్వు అన్నాడు. ముసలిది అవడం వేరు, గుడ్డిది అవడం వేరు, నీకు పళ్లు పోతే వయసైందని ఊరుకున్నావా, కట్టించుకోలేదా అన్నాను. స్టోరంతా విన్నారు. రే పళ్లు చూపించకుండా నవ్వాడు.

ట్రక్కులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. మార్చిలో అయితే రే అన్న మాట నేనే అనేదాన్ని, ఇంకా గట్టిగా.

మే 3, శనివారం

బీపీ దిగుతోంది. నిన్న డెల్లా తనే టౌన్‌కి తీసుకెళ్లి తీసుకొచ్చింది, నాకు బస్సు డ్యూటీ ఉంది. నీళ్లు కాస్త తక్కువ తాగుతోంది. కొత్త తిండి తింటోంది, నేను పక్కన కూర్చుని పొగిడితే.

ఎల్వుడ్ వచ్చాడు. ఈసారి క్లినిక్‌లో వాడి పిల్లికి ఒక పన్ను పుచ్చిందని తేలిందట, పీకేశారట. బహుమతి వచ్చినట్టు చెప్పాడు. బాగానే తినేదిగా, నీకెలా తెలిసింది అన్నాను. నాకు తెలీలేదు, అందుకే తీసుకెళ్లేది అన్నాడు. నేను నవ్వలేదు. టీ పోశాను. కెటిల్ వాడి గొంతు వైపు వెళ్లి వాడి ఒళ్లో తల పెట్టింది. దాని ఎడమ కంటి మీద వాడు వేలితో నెమ్మదిగా నిమిరాడు.

మే 10, శనివారం

డాక్ చూసింది. కుడి కంట్లో పొర ఒకవైపు అతుక్కుంటోందట. మరి కనపడుతోందా అన్నాను. పొర అతుక్కోవడం వేరు, చూపు రావడం వేరు, ఆగాలి అంది. ఎన్నాళ్లు ఆగాలి అంటే చెప్పలేదు. నెల నెలా చూస్తూ ఉండాలి, కిడ్నీలకి కూడా, ఇక ఎప్పటికీ అంది. ఎప్పటికీ అన్న మాట వినడానికి బాగుంది. దాని ముందు ఇంకా రోజులున్నాయన్నట్టు ఉంది.

చేత్తో తడమడం మానాలా అని అడిగాను. అది ఎందుకు మానడం, దానికి ఇష్టమేగా అంది.

మే 17, శనివారం

రోజూ పరీక్షలు పెడుతున్నాను. మొహం ముందు చెయ్యి ఊపుతాను, గాలి తగిలి తల తిప్పుతుంది. చూసింది అంటాను. గిన్నె జరుపుతాను, చప్పుడుకి వస్తుంది. చూసింది అంటాను. రెండో రోజుకి ఏమీ చూడలేదు అని కూలబడతాను. డెల్లా గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిందట.

"ప్రశ్నా నీదే, జవాబూ నీదే. మార్కులు కూడా నువ్వే వేసుకుంటే ఎలా అత్తా?"

కోపం వచ్చింది. తర్వాత కుర్చీలో కూర్చున్నాను. కెటిల్ వచ్చి పాదాల మీద పడుకుంది. చెయ్యి ఊపలేదు, గిన్నె జరపలేదు. ఇవాళ్టికి పరీక్ష నుంచి దానికీ సెలవు, నాకూ సెలవు.

మే 24, శనివారం

బస్సు రోజులు అయిపోయాయి. చేతికి ఖాళీ దొరికితే నేను మంచిదాన్ని కాను. రేసులు మానేసిన కుక్కలు సోఫాల మీద ఉన్న ఇళ్లన్నీ తిరిగాను. అందరిదీ నా అలవాటే, కుక్క కదిలితే చాలు నోరు కదులుతుంది. కుర్చీలు అడ్డం పెట్టి, ఒక్కసారి పిలిచి నోరు మూసుకోండి అని చెప్పాను. నోరు మూసుకోమని ఇంటింటికీ వెళ్లి చెప్పే హక్కు నీకెవరిచ్చారని ఒకావిడ తలుపేసింది. సరే.

రే మాత్రం పరీక్ష పెట్టాడు. వాడి ముసలి కుక్క ఒక్క కుర్చీకీ తగల్లేదు. చూశావా అన్నాడు గర్వంగా. చాలా సంతోషం, కిడ్నీలు కుర్చీలకి గుద్దుకోవు, అక్టోబర్లో దాన్ని ఫైర్ హాల్‌కి తీసుకురా అన్నాను. ఏముందని అన్నాడు. ఏమీ లేకుండా ఉండటానికే అన్నాను.

అది ఎల్వుడ్ మాట. వాడికి చెప్పను.

జూన్ 8, ఆదివారం

మెట్ల మీద ఎండలో కూర్చున్నాం. పసుపు రంగు సీతాకోకచిలుక ఒకటి కెటిల్ ముందు నుంచి వెళ్లింది. చప్పుడు లేదు. గాలి లేదు. నేను నోరు తెరవలేదు.

దాని తల కుడికి తిరిగింది. తిరిగిందనే అనుకుంటున్నాను.

నాకు తెలీదు. మంగళవారం డాక్ చూస్తుంది.